వెన్నులోని చెమ్మ

తెలుగులో ‘వెన్ను’ అనే మాటకు రెండర్థాలున్నాయి. వీపు నడుమ నిలిచిన ఎముకల వరుస ఒకటి. గింజపట్టిన వరికంకి మరొకటి. 2016లో నిజామాబాదు నుండి వేరుపడిన కామారెడ్డి జిల్లాలో ఈ రెండర్థాలూ ఒకే మడిలో ఎదురుపడతాయి. నాట్ల వేళ ఎల్లారెడ్డి పొలాల్లో నడుము వంచే స్త్రీలలో చాలామంది, ఆ పని ముగిశాక ఒళ్ళో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుడుతూ దినమంతా కూర్చుంటారు. నడుమునొప్పి వారికి కొత్త కాదు. ఎంతోకాలం ఓర్చుకొని, ఇక లేవలేనప్పుడు మాత్రమే వైద్యుని దగ్గరకు వెళ్తారు.

అప్పటికి వెన్నులో జరగవలసినది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. వెన్నుపూసల నడుమ 23 డిస్కులు ఉంటాయి. వెలుపల గట్టి నారల వలయం, లోపల మెత్తని గుజ్జు. శైశవంలో ఆ గుజ్జులో 80 శాతానికి పైగా నీరే. ప్రోటియోగ్లైకాన్లు అనే అణువులు ఆ నీటిని పట్టి ఉంచుతాయి. అవి తగ్గినకొద్దీ డిస్కు ఎండుతుంది. ఆపైనే కుంగుతుంది, చిట్లుతుంది. పూర్వులు వెన్నెముకను మేరుదండం అన్నారు. పేరులో పర్వతమున్నా దాని పటుత్వం చెమ్మలో ఉంది!

ఎక్స్‌రేలో ఎముకే తప్ప డిస్కు కనిపించదు. ఎం.ఆర్‌.ఐ. యంత్రం అలా కాదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి కుదుటపడే తీరును గ్రహిస్తుంది. ఈ విద్యకు పునాదులు వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది. సాధారణ చిత్రంలో చెమ్మగల డిస్కు తెల్లగా, ఎండినది నల్లగా కనిపిస్తుంది. అయితే అది కంటితో వేసే అంచనా. టీ-2 మ్యాపింగ్ అనే పద్ధతి ఆ తెలుపునలుపులను మిల్లీసెకన్ల లెక్కలోకి మారుస్తుంది. టీ-1 రో పద్ధతి ఇంకా లోతుకు వెళ్ళి, ప్రోటియోగ్లైకాన్ల తరుగుదలను సూచిస్తుంది. డిస్కు ఆకారం చెడకముందే దాని క్షీణత ఈ విధంగా పసిగట్టవచ్చు. ఇవి నేటికీ ఎక్కువగా పరిశోధనలలోనే వాడుకలో ఉన్నాయి.

చిత్రంలో కనిపించిన ప్రతి మార్పూ రోగం కాదు. ఏ నొప్పీ లేని 3,110 మంది చిత్రాలను సమీకరించి 2015లో ప్రకటించిన సమీక్షలో, ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు క్షీణత కనిపించింది. కారణం వంగి చేసే పని ఒక్కటే అనడానికీ వీల్లేదు. వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని కవలలపై జరిగిన పరిశోధనలు తెలిపాయి. ఎండిన డిస్కుకు తిరిగి చెమ్మనిచ్చే నిరూపిత ఔషధమేదీ ఇంకా లేదు. కనుక, ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికో, అక్కడినుండి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాదుకో పోయి తీయించుకున్న చిత్రం కన్నా, దానిని చదివి చెప్పే వైద్యుని వివేకమే విలువైనది.

ముందుగా తెలిస్తే వైద్యులిచ్చే సలహాలు సులభమైనవే. ఒకే భంగిమలో కూర్చోరాదు, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి, వీపు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. కాని బీడీకూలి వెయ్యికి ఇంతని కడతారు. ఆమె లేచి నడిచినంతసేపూ చేటలో బీడీలు పెరగవు.