బోర్డర్‌లైన్ అన్నారు

రాత్రి రెండు దాటింది. హైదరాబాద్ రాయదుర్గంలోని ఆఫీసులో అమెరికా క్లయింట్‌తో రిలీజ్ కాల్ నడుస్తోంది. ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టయింది. గ్యాస్ అయి ఉంటుందని ఎవరో సోడా తెచ్చారు. అంతలోనే ఎడమ దవడ లాగేయడం మొదలైంది. అంత ఏసీలోనూ చొక్కా తడిసిపోయింది. పక్క సీటు తమ్ముడు నా మొహం చూసి హెడ్‌సెట్ లాగేశాడు. "అన్నా, లే, పోదాం" అని క్యాబ్ ఎక్కించాడు. ఆ పిల్లాడు ఆలస్యం చేయలేదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

గుండెపోటు. తెల్లారేలోపు స్టెంట్ వేశారు. అప్పుడు నా వయసు 39. సిగరెట్ ముట్టను, మందు అలవాటు లేదు. సూర్యాపేట నుంచి అమ్మ వచ్చి ఐసీయూ మంచం పట్టుకుని, "నాకు రావాల్సింది నీకెట్లొచ్చింది బిడ్డా" అని ఏడ్చింది. మా ఆవిడ ఏడవలేదు. ఇంట్లోంచి నాలుగేళ్ల హెల్త్ చెకప్ రిపోర్టులన్నీ తెచ్చి డాక్టరుగారి ముందు పెట్టింది.

ఆయన నర్సును టేపు తెమ్మన్నారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య చుట్టి, ఊపిరి వదలమన్నారు. 101 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదట. తర్వాత పెన్ను తీసి రిపోర్టుల్లో ఒక్కో అంకె చుట్టూ సున్నా చుట్టారు. ట్రైగ్లిజరైడ్లు 150 దాటకూడదు, నాకు 240. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40కి తగ్గకూడదు, నాకు 34. బీపీ 130/85 హద్దు, నాకు 138/90. పరగడుపు షుగర్ 100 లోపు ఉండాలి, నాకు 112. "ఐదింటిలో మూడుంటేనే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. మీకు ఐదూ ఉన్నాయి" అన్నారు.

ఏటా చెకప్ చేసినవాళ్లు రిపోర్టుల్లోని ఈ నాలుగు అంకెల పక్కనా 'బోర్డర్‌లైన్' అనే రాశారు. విడిగా చూస్తే షుగర్ వరకు అది నిజమే. ఐదింటినీ కలిపి చూసినవాళ్లు మాత్రం లేరు. నడుము కొలత అసలు తీసుకోనే లేదు. నా కోపమంతా అక్కడే.

పొట్ట లోపల పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఊరికే ఉండదు. కాలేయంలోకి దిగుతుంది. ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం వినడం మానేస్తుంది. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. ఆ లాగులాటలో షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు మూడూ పెరుగుతాయి. మనవాళ్లకు సన్నగా కనిపించే ఒంట్లో కూడా ఈ లోపలి కొవ్వు ఎక్కువ.

నేనొక్కణ్ణే కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నాయి. మా బతుకు తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. ఎనిమిది గంటలు దాటి కూర్చోవడం, అర్ధరాత్రి డీఎల్‌ఎఫ్ ఆఫీసుల దగ్గర బండి మీద ఫ్రైడ్ రైస్, నిద్ర రాకుండా చక్కెర టీలు, పొద్దున కర్టెన్లు మూసి పడుకోవడం. రాత్రిపూట తిన్న తిండిని ఇన్సులిన్ పగలంత బాగా సర్దలేదు.

బోర్డర్‌లైన్ దగ్గరే వెనక్కి తిరగొచ్చన్నది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్నవాళ్లకు నడక, తిండి మార్పులు చెప్పి మూడేళ్లు గమనించింది. మధుమేహంలోకి జారేవాళ్లు నూటికి 28 వంతులు తగ్గారని 2006లో ప్రకటించింది. ఇందులో ఖరీదైన మందేమీ లేదు.

ఇప్పుడు ఇంట్లో అన్నం సగమైంది, పప్పూ కూరా పెరిగాయి, రాత్రికి జొన్నరొట్టె. తిన్న వెంటనే పావుగంట నడుస్తాను. పొద్దున కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు నేనూ మా ఆవిడా వెళ్తాం. డాక్టరుగారి ఉత్తరంతో పగటి షిఫ్టు దొరికింది. నడుము 93కి వచ్చింది. మంచి కొలెస్ట్రాల్ మాత్రం కదలనంటోంది. గుండె మాత్రలు జీవితాంతం తప్పవు.

చెకప్ రిపోర్టులో ఐదూ ఒకే పేజీలో వేయమని హెచ్‌ఆర్‌కు రాశాను. ఈ ఏడాది ల్యాబ్ వాళ్లు టేపు తెచ్చారు. మా టీమ్‌లో ముగ్గురికి మూడేసి అంకెలు హద్దు దాటాయి. అందులో ఒకడికి 29 ఏళ్లు, మూడేళ్లుగా నైట్ షిఫ్టే. వాడి మేనేజరుతో మాట్లాడటానికి సోమవారం నేనూ వెళ్తున్నాను.