కీబోర్డు ముట్టని అన్న

మదనపల్లె నుంచి కదిరి దారి పట్టే కార్లలో హార్స్‌లీ హిల్స్‌కు పోయేవి చాలానే. నాలుగు వేల అడుగుల ఎత్తున చల్లగాలి కాచుకుని ఉంటే మధ్యలో అంగళ్ళులో ఆగేదెవరు? నేను అక్కడే దిగాను. ఇంజనీరింగ్ పిల్లలు అద్దెకుండే మిద్దెల మధ్య, ఒక ఇంటి పైగదిలో ఆదివారాలు యునిక్స్ షెల్ స్క్రిప్టుల అభ్యాసాలు చేయిస్తారని విని చూడబోయాను. చేయించేది బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగి. వారాంతానికి సొంతూరికి వస్తాడు. పిల్లలకు ఆయన ‘అన్న’. గదికి బోర్డు లేదు, చదువుకు ఫీజు లేదు. ఉన్నవల్లా యునిక్స్ తరహా ఉబుంటు ఎక్కించిన కొన్ని పాత ల్యాప్‌టాపులు.

ల్యాబు రికార్డుల సంగతి తెలిస్తే గానీ ఈ గది విలువ తెలియదు. జేఎన్‌టీయూ ల్యాబు జాబితాల్లో షెల్ అభ్యాసాలు ఏళ్ళ తరబడి దాదాపు అవే. ఫైలు పేరు, రెండు వరుస సంఖ్యలు ఇస్తే ఆ మధ్యనున్న వరుసలు చూపించాలి. ఫలానా మాట ఉన్న వరుసల్ని తీసేయాలి. ఒక అంకెకు ఫ్యాక్టోరియల్ కట్టాలి. ప్రశ్న మారనప్పుడు జవాబు మాత్రం ఎందుకు మారుతుంది? సీనియర్ రికార్డు జిరాక్సై జూనియర్ చేతికొస్తుంది, టైపు తప్పులతో సహా. పిల్లలకు ఇన్నాళ్ళూ దొరికిన ‘సాయం’ అదే.

పుంగనూరు వైపు కుర్రాడొకడు స్క్రీను చూపించాడు.

“ఎర్రర్ వస్తాందన్నా.”

“ఏమంటాండాదో చదువప్పా.”

“ఎన్, కమాండ్ నాట్ ఫౌండ్.”

“ఆ వరుసలో మొదటి మాటేది?”

కుర్రాడు ఎన్ అనే పేరు రాసి, ఒక ఖాళీ వదిలి, సమానం గుర్తు పెట్టి, మళ్ళీ ఖాళీ వదిలి 9 వేశాడు. సి భాషలో అది చెల్లుతుంది. మనం టైపు చేసే కమాండ్లను అందుకుని నడిపే షెల్ మాత్రం ఖాళీ దగ్గర మాట తెగిందనుకుని, మొదటి మాటను కమాండుగా భావించి వెతుకుతుంది. ‘ఎన్’ అనే కమాండు లేదు కాబట్టి లేదంది. అన్న ఇదంతా చెప్పలేదు, వేలు కూడా పెట్టలేదు. కుర్రాడే కాసేపు గింజుకుని ఖాళీలు చెరిపాడు.

తర్వాత అసలు లెక్క వచ్చింది. ఐదో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా కావాలి. హెడ్ కమాండుతో మొదటి తొమ్మిది వరుసలు తీసి, పైపు గుండా టెయిల్‌కు పంపి, అడుగునున్నవి కొన్ని తీసుకోవాలి. కొన్ని అంటే ఎన్ని? తొమ్మిదిలోంచి ఐదు పోతే నాలుగు అన్నారు అందరూ. “వేళ్ళ మీద ఎంచండి” అన్నాడు అన్న. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. వేళ్ళు ఐదయ్యాయి. తీసివేతకు ఒకటి కలపాలని ఆ గదిలో ఇక ఎవరూ మరిచిపోరు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యునిక్స్‌కు ఈ పైపు 1973లో వచ్చింది. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా కెన్ థాంప్సన్ అమర్చాడు. హెడ్, టెయిల్ కలిసి చేసిన పనిని సెడ్ అనే ఒక్క కమాండే చేస్తుందని అన్న చివర్లో గానీ బయటపెట్టలేదు. ముందే చెప్పేసుంటే వేళ్ళతో పనేముంది!

నాకు బాగా నచ్చింది ఒక అమ్మాయి కథ. వాళ్ళ నాన్న మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలతాడు. మండీ చీటీల్లోని తేదీ, రకం, ధర టైపు చేసి ఫైలు చేసుకుంది. అందులోంచి రెండో రకం వరుసలు తీసేయాలని, మాటల్ని వెతికే గ్రెప్ కమాండుకు మైనస్ వి తగిలించి, ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్ళించింది. ఫైలు మొత్తం ఖాళీ! గ్రెప్ చదవడం మొదలుపెట్టక ముందే, రాయాల్సిన ఫైలును షెల్ తెరిచి ఊడ్చేస్తుంది. ఇక గ్రెప్‌కు చదవడానికి మిగిలేదేముంది? “ఎవురు ఊడ్చినారు, గ్రెప్పా, షెల్లా?” అని అన్న అడిగాడు. మూడు వరుసల చిన్న ఫైలుతో ఆ అమ్మాయి చేత మళ్ళీ అదే పని చేయించాడు. ఈసారి ఫలితం వేరే పేరుకు పోయింది, సరిచూసుకున్నాకే పాత పేరుకు మారింది. పోయిన లెక్కల చీటీలు ఇంట్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఇంకొకడు విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన స్క్రిప్టు అసలు నడవనే లేదు. విండోస్ వరుస చివర రెండు గుర్తులు పెడుతుంది, యునిక్స్ ఒకటే పెడుతుంది. ఎక్కువైన ఆ గుర్తు కంటికి కనబడదు. డాస్‌టుయునిక్స్ అనే కమాండుతో పోయింది. మిగతా చిక్కులకు, బాష్ అనే షెల్ పేరు తర్వాత మైనస్ ఎక్స్ పెట్టి స్క్రిప్టు నడపమంటాడు అన్న. అప్పుడు షెల్ తాను చేసే ప్రతి పనినీ చేయబోయే ముందు చూపిస్తుంది.

కంప్యూటర్లు ఈ వైపుకు కొత్తేం కాదు. 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు పెట్టింది. యంత్రాలు ఎలాగోలా వస్తాయి. పక్కన కూర్చునే మనిషే కరువు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరు చేరి ఇదే పనితో బతుకుతున్నవాళ్ళు వందల్లో ఉంటారు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు మీ వీధిలో రికార్డు రాసుకుంటున్న పిల్లల దగ్గర ఒక గంట కూర్చోండి. కీబోర్డు మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి.