గది మీద గది కట్టనివ్వని ఆట

పాత కంప్యూటర్ ఆటలంటే మాకు ప్రాణం. ఈ మాట హాస్టల్ వార్షికోత్సవ సంచికలో రాయవచ్చా అని మేమూ ఆలోచించాం. చదువుకోమని పంపితే ఆటలా అని పెద్దలు అడుగుతారు. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. కూలి డబ్బుల్లోంచి అమ్మానాన్నలు పంపే రూపాయికి లెక్క చెప్పాల్సినవాళ్లం. కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా జవాబే ఈ వ్యాసం.

మా గదిలో నలుగురం చందాలు వేసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉంది. ఇప్పటి ఆటలు దాంట్లో నడవవు. కానీ 1993 డిసెంబరులో అమెరికాలోని ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ‘డూమ్’ లాంటివి హాయిగా నడుస్తాయి. ఆ రోజుల్లో డూమ్‌కు 386 ప్రాసెసర్, 4 ఎంబీ మెమరీ ఉంటే చాలు.

మమ్మల్ని ఆకట్టుకున్నది అందులోని తుపాకులు కాదు, దాని అమరిక. ఆటను నడిపే ప్రోగ్రామ్ వేరు. గదులు, బొమ్మలు, శబ్దాలు ఉండే ‘వాడ్’ ఫైలు వేరు. మనం మార్చదలచిన వాటిని ఇంకో చిన్న వాడ్‌లో పెడితే, ప్రోగ్రామ్ పాతవాటికి బదులు వాటిని తీసుకుంటుంది. అసలు ఫైలు చెక్కుచెదరదు. ఇలాంటి మార్పునే ‘మాడ్’ అంటారు. మనకిది కొత్తేమీ కాదు. సీనియర్ ఇచ్చి వెళ్లిన నోట్సులో సిలబస్ మారిన చోట ఒక కాగితం అతికిస్తాం కదా, అలాంటిదే.

1997లో ఐడీ వారు డూమ్ సోర్స్ కోడ్‌నే బయటపెట్టారు. తర్వాత ఔత్సాహికులు ‘ఫ్రీడూమ్’ పేరుతో బొమ్మలు, శబ్దాలు కొత్తగా తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. అందువల్ల దొంగ కాపీ అవసరం లేకుండానే మాకు ఆట దొరికింది.

పోయిన సెలవుల్లో మేము మా హాస్టల్‌నే డూమ్ పటంగా గీశాం. పైనుంచి చూసినట్టు గీతలు గీయాలి. గీతల మధ్య ప్రతి భాగానికీ నేల ఎత్తు, కప్పు ఎత్తు, వెలుతురు అంకెల్లో ఇవ్వాలి. వెలుతురు 0 నుంచి 255 వరకు. మెస్ హాలుకు 208 ఇచ్చాం, ట్యూబ్‌లైటు లేని వరండాకు 96. చిక్కల్లా మేడతో వచ్చింది. డూమ్‌లో గది మీద గది కట్టలేం. ఒక చోట ఒకే నేల, ఒకే కప్పు. మాదేమో రెండంతస్తుల భవనం! మూడు రాత్రులు తలలు పట్టుకున్నాం. చివరికి పై అంతస్తును పక్క ఖాళీలో గీసి, మెట్ల చివర ‘టెలిపోర్ట్’ గీత పెట్టాం. అది దాటగానే మనిషి మేడ మీద ఉంటాడు. ఆ రాత్రి గదంతా కేకలే.

దీంతో ఉద్యోగం వస్తుందా అని ఒక అన్న అడిగాడు. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు ‘హాఫ్-లైఫ్’ ఆటకు మాడ్‌గా ‘కౌంటర్-స్ట్రైక్’ చేశారు. మిన్ లీ అప్పుడు కెనడాలో విద్యార్థి. 2000లో వాల్వ్ సంస్థ దాన్ని తన ఆటగా విడుదల చేసింది. అందరికీ అలా జరగదని మాకు తెలుసు. మాకు దక్కింది వేరు. పంపుసెట్టు చెడితే మా నాన్నలు ముందు తామే విప్పి చూస్తారు. కంప్యూటర్ దగ్గర మాకా ధైర్యం ఉండేది కాదు. ఎవరో చేసి పంపినదాన్ని నొక్కేవాళ్లం, అంతే. ఇప్పుడు ఏ ప్రోగ్రామ్ చూసినా ఎక్కడ విప్పవచ్చో వెతుకుతున్నాం.

ఈ ఏడు మేము పీజీ ముగించి వెళ్తున్నాం. కంప్యూటర్ ఇక్కడే వదిలేస్తున్నాం. మా పటంలో కొత్త స్నానాల గదులు ఇంకా లేవు. తమ్ముళ్లూ, మీ వాడ్ మీరు వేరే చేసుకోండి. మాది అలాగే ఉంటుంది.