అత్తయ్య ఫ్యాను

మే నెలలో మా మీటరు 207 యూనిట్లు చూపించిందండీ. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి గృహజ్యోతి కింద 200 వరకూ సున్నా బిల్లే కదా. దాటామంటే పైన ఏడు యూనిట్లకి కాదు, మొత్తానికీ కట్టాలి. వెయ్యి పైనే పోయింది. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరులో బీటీపీఎస్, చుట్టూ కరెంటు తయారవుతుంటే మధ్యలో కూర్చుని మేం యూనిట్లు లెక్కపెట్టుకోవడం!

ఆ వారమంతా లైట్లు ఆపలేదని పిల్లల మీద అరుస్తూనే ఉన్నాను. ఒక రాత్రి మంచినీళ్ళకి లేస్తే అత్తయ్య గదిలో ఫ్యాను ఆగి ఉంది. చీకట్లో విసనకర్రతో విసురుకుంటున్నారు. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. "నాకు అలవాటేలేమ్మా. అడవి పక్క పల్లెలో, కరెంటు లేని రోజుల్లో పుట్టినదాన్ని" అన్నారు. నా నోట మాట రాలేదు. వెళ్ళి స్విచ్ వేశాను.

పొద్దున్నే లెక్క వేశా. 75 వాట్ల పాత ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. నెలంతా కలిపినా 23కి అటూ ఇటూగానే. అసలు దొంగ ఫ్రిజ్! తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చేసింది. రబ్బరు వదులై చల్లదనం బయటికి పోతుంటే పాపం అది ఆగకుండా తిరుగుతోంది. రబ్బరు మార్పించాను. ట్యాంకు పొర్లేదాకా నడిచే నీళ్ళ మోటారుకి ఫోన్లో అలారం పెట్టాను. ఉతికిన బట్టలు ఇస్త్రీ కూడా వారానికి ఒక్కసారే.

జూన్‌లో 181 వచ్చింది. సున్నా బిల్లు కాగితం ముందు అత్తయ్యకే చూపించాను. అయినా రాత్రి ఒకసారి లేచి ఆ గదిలోకి తొంగి చూస్తూనే ఉన్నాను, ఫ్యాను తిరుగుతోందో లేదోనని.