గన్నవరం నుండి విశాఖకు ఎంత దూరం?

విజయవాడ నుండి విశాఖపట్నం ఎంత దూరమని అడిగితే రైలెక్కేవారు 350 కిలోమీటర్లంటారు. బస్సెక్కేవారూ ఇంచుమించు అంతే చెబుతారు. గన్నవరం విమానాశ్రయం నుండి విశాఖ విమానాశ్రయానికి పటం మీద దారం లాగి కొలిస్తే మాత్రం సుమారు 290 కిలోమీటర్లే. గన్నవరం విజయవాడకు ఇరవై కిలోమీటర్లు ఇటు, ఏలూరు దారిలో ఉండడం ఒక కారణం. రైలు సామర్లకోట, తుని, అనకాపల్లి చూసుకుంటూ పోవలసి రావడం మరొకటి.

చిన్న ఊళ్లకు తిరిగే ఏ.టి.ఆర్. అనే పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన ముప్పై అయిదు నిమిషాల్లో దిగాలి. టిక్కెట్టు మీద గంట అని ఉంటుంది. తలుపు వేసింది మొదలు మళ్లీ తీసేదాకా లెక్క వేస్తారు మరి. నేల మీద నడవాలి, మెల్లగా పైకెక్కాలి, దిగే ముందు వేగం తగ్గించి గాలివాటం చూసుకుని రన్‌వేకు ఎదురుగా రావాలి. ఎడ్లను కట్టడం, విప్పడం కూడా బండి ప్రయాణంలో కలిపినట్లే.

కొన్నేళ్ల క్రితం ఈ లెక్కలన్నీ మేము ఒక్క ఉదయాన వేసుకోవలసి వచ్చింది. విశాఖలో మా చిన్నమ్మాయికి కాన్పు కష్టమైందనీ, ఆపరేషను చేస్తారనీ, రక్తం కావలసి వస్తుందేమోననీ ఎనిమిది గంటలకు అల్లుడుగారు ఫోను చేశారు. ఏలూరులో రత్నాచల్ అప్పటికే వెళ్లిపోయింది. పెద్దబ్బాయి విమానానికి టిక్కెట్లు తీశాడు. ప్రార్థన చేసుకుని కారెక్కాము. విశాఖ తూర్పున ఉంటే మేము పడమటికి నలభై కిలోమీటర్లు వెనక్కి పోవడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. "ఎటు పోతున్నామండీ మనం?" అని దారిపొడవునా అడుగుతూనే ఉంది.

గన్నవరంలో ఆధార్ చూపించి, సంచులు తనిఖీ చేయించుకుని గంటకు పైగా కూర్చున్నాము. ఆ గంటే అన్నిటికంటె పొడవైనది.

విమానం లేచిన కాసేపటికి కుడివైపు కొల్లేరు పరుచుకుని కనిపించింది. ఆ తరువాత గోదావరి. పక్క సీటాయన ధవళేశ్వరం ఆనకట్ట చూపించాడు. 1852లో కాటన్ దొరగారు పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తరువాత కట్టిన బ్యారేజీ. పైనుండి అది తెల్లని దారప్పోగులా ఉంది. దాని దిగువన పచ్చదనమంతా కాలువలదే. ఆమె చూడలేదు, కళ్లు మూసుకునే ఉంది.

పన్నెండుంబావుకు దిగాము. ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట. ఇల్లు వదిలి నాలుగున్నర గంటలు. మంచి ఎక్స్‌ప్రెస్ దొరికితే ఏలూరు నుండి రైలుకూ ఇంచుమించు అంతే పడుతుంది, ఖర్చు ఎన్నో వంతులు తక్కువ. కనుక మా జిల్లావారికి రైలు చేతికందేలా ఉంటే విమానం వలన కలిసివచ్చేది పెద్దగా లేదు. గన్నవరం చుట్టుపక్కల ఊళ్లవారి మాట వేరు. ఆ రోజు మాకు రైలు తప్పిపోయింది కనుక ఆ టిక్కెట్టు డబ్బుకు మేము చింతించలేదు.

మేము వెళ్లేసరికి పిల్లవాడు పుట్టాడు. తల్లికి ఒక సీసా రక్తం ఎక్కించారు. రెండవది ఇవ్వడానికి పెద్దబ్బాయి చొక్కా చేయి మడిచాడు గాని అవసరం లేదన్నారు. ఆ మనవడు ఇంతవరకు విమానం ఎక్కలేదు. రత్నాచల్‌లో కిటికీ పక్క సీటు కోసం మాతో పోట్లాడుతుంటాడు.