సైలెన్సర్ షౌక్



ఆపా ఫోన్ చేస్తే సలాం తర్వాత ఖైరియత్ అడగకుండా ఉండదు. ఆ రోజు అడగలేదు. "నీ భాంజాకు దిమాగ్ ఖరాబయింది. వాళ్ల అబ్బా పంపిన పైసల్ల నలభై వేలు బండి సైలెన్సర్‌కు పెడ్తడంట. నువ్వొచ్చి సమ్‌జాయించు" అంది.

బండి అంటే హోండా సిటీ వీటెక్, 2002 మోడల్. జెద్దాలో పనిచేసే మా దుల్హాభాయ్ రెండేళ్ల కింద ఛుట్టీకి వచ్చినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆయన వెళ్లిపోయారు, బండి డిచ్‌పల్లిలో ఉండిపోయింది. పేరుకు ఫ్యామిలీ కారే. కానీ 2000లో మన దేశానికి వచ్చిన ఆ 1.5 లీటర్ ఇంజన్ 106 హార్స్‌పవర్ ఇచ్చేది. టర్బో లేకుండానే. అందుకే షౌకీన్ కుర్రాళ్ల నజర్‌లో అది ఇప్పటికీ జపాన్ స్పోర్ట్స్ కారే.

జుమ్మా నమాజ్ అయ్యాక వెళ్లాను. భాంజా ఫోన్ తీసి వీడియోలు మొదలుపెట్టాడు. రెండున్నర అంగుళాల పైపు, వెనక డబ్బా అంత మఫ్లర్. "మామూ, ఆవాజ్ సునో!" విన్నాను. వాళ్ల దాదీ లోపలి గదిలో పడుకుని ఉన్నారు. ఆమె కూడా విన్నారు.

నాకు కార్ల ఇల్మ్ తక్కువ. కానీ తెలియనిదాన్ని తెలిసినవాళ్లను అడగడమే నా పేషా. "పైసలు ఇచ్చేముందు ఒక ఉస్తాద్‌తో మషవరా చేద్దాం. ఆయన సరే అంటే నేను అడ్డం రాను" అన్నాను. మాటిచ్చాక కొంచెం భయమేసింది.

నిజామాబాద్‌లో నాకు తెలిసిన పాత మెకానిక్ ఉన్నారు. ఆయన అబ్బా బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. దాని చిమ్నీ చూస్తూ పెరిగిన ఆయన మా వాడికి పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టారు.

"చిమ్నీ పొగను బయటికి వదిలేది మాత్రమే అనుకుంటున్నవా బేటా? అది లాగుతది. లోపల వేడి గాలి జోరుగా పైకి పోతుంటే వెనకున్న పొగ దాని వెంట వస్తది. అవసరానికి మించి వెడల్పు చేస్తే పొగ చల్లబడి సుస్తయితది. మీ ఇంజన్ కూడా అంతే."

నాలుగు సిలిండర్లు వంతులవారీగా పొగ వదులుతాయి. ఒక్కొక్క దెబ్బ జోరుగా పోతూ తన వెనక కొంచెం ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీ తర్వాతి దెబ్బను ముందుకు లాగుతుంది. పైపు మరీ సన్నగా ఉంటే ఊపిరి ఆడదు, మరీ వెడల్పైతే పొగకు జోరు తగ్గి ఆ లాగుడు పోతుంది. పొగ పోవడానికి అడ్డం ఉంటే మంచిదని కొందరు చెప్పేది గలత్. కావాల్సింది అడ్డం కాదు, జోరు. ఈ ఇంజన్‌కు రెండంగుళాల పైపు బొచ్చెడు అన్నారు ఉస్తాద్. రెండున్నర పెడితే ఊళ్లో నడిపే వేగంలో బండి మరింత మొద్దుగా అవుతుందన్నారు.

"మరి వీడియోలో?" అన్నాడు భాంజా.

"అవి టర్బో బండ్లు. వాటిలో పొగ ముందు టర్బో చక్రం తిప్పి, ఆ తర్వాత బయటికొస్తది. దాని వెనక దారి ఎంత ఖుల్లా ఉంటే అంత ఫాయిదా. నీ దాంట్లో టర్బో ఏది?"

టర్బో లేని బండికి వెనక మఫ్లర్ ఒక్కటి మారిస్తే పెరిగే హార్స్‌పవర్ చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొంచెం తేడా తెలియాలంటే ఇంజన్‌కు అంటుకుని ఉండే హెడర్ మార్చాలి. అందులోనూ రెండు కిస్మ్‌లు. నాలుగు గొట్టాలు రెండై, రెండు ఒకటయ్యేది మధ్య వేగంలో బలమిస్తుంది. నాలుగూ ఒకేచోట కలిసేది ఇంజన్‌ను బాగా తిప్పినప్పుడు పనికొస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే విషపు పొగ అలాగే బయటికొస్తుంది, అది ఖానూన్‌కూ ఖిలాఫ్. మధ్యలో ఉండే రెసొనేటర్ ఫాల్తూ డబ్బా అని తీసేసేవాళ్లున్నారు. తీశాక హైవే మీద బండిలోనే గుయ్‌మని ఒకటే మోత, హైదరాబాద్ చేరేసరికి తల పగులుతుంది.

అప్పుడు బండి పైకి లేపారు. మఫ్లర్ అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. ముందు జాయింట్ గ్యాస్కెట్ దగ్గర పొగ లీకవుతోంది. ఎప్పుడూ బజారుకూ మస్జిద్‌కూ తిప్పే బండి కదా, పైపు పూర్తిగా వేడెక్కదు. పొగలోని నీటి ఆవిరి లోపలే నీళ్లయి తుప్పు పట్టిస్తుంది. "ఇంటి కప్పు కారుతుంటే ఝూమర్ కొంటానంటున్నవు" అని నవ్వారు ఉస్తాద్. మా వాడు నవ్వలేదు.

తిరిగొస్తుంటే దారిలో నేను నా వంతు నసీహత్ మొదలుపెట్టాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం మీద ఆంక్షలు, ఆస్పత్రికి వంద మీటర్ల లోపల సైలెన్స్ జోన్. వాడు కాసేపు విని అన్నాడు:

"మామూ, నిరుడు సైలెన్సర్లు రోడ్ రోలర్ కింద తొక్కించిన వార్త మీరే రాసిన్రు. దొరికినోళ్ల పేర్లు చదివిన్రా? ఎక్కువ మన పోరగాళ్లే. డీజేలు పెట్టి తెల్లారిందాక ఊరు ఊపేటోళ్ల డెసిబెల్ ఎవరన్నా కొలిచిన్రా? మీరు అడిగిన్రా?"

అడగలేదు. పోలీసులు చెప్పింది చెప్పినట్టు రాశాను, ఫొటో పంపాను, ఇంటికెళ్లి అన్నం తిన్నాను. ఇరవై ఏళ్ల పిల్లాడు నా పేషాలో నేను వదిలేసిన సవాల్‌ను నాకే వేశాడు. చాలాసేపు జవాబు దొరకలేదు.

డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి దగ్గరకొచ్చాక బండి ఆపమన్నాను. కుష్ఠు రోగులను ఊరే వెలేసే రోజుల్లో, 1915లో, ఇసాబెల్ కెర్ అనే డాక్టరమ్మ వాళ్ల కోసం మొదలుపెట్టిన చోటు అది. "నువ్వన్నది సహీ" అన్నాను. "నా తప్పు నేను మాన్‌తా. కానీ ఒకరి శబ్దాన్ని కొలవలేదని మన శబ్దం హలాల్ కాదు. పోలీసు సంగతి వదిలెయ్. లోపల పడుకున్న మరీజ్‌కు నీ పేరు తెలవదు, నీ మజ్‌హబ్ తెలవదు. నిద్ర పోయిందని మాత్రం తెలుస్తది. మీ దాదీకి తెలిసినట్టు." సూరె లుఖ్మాన్‌లో ఒక తండ్రి కొడుక్కు చెప్పిన నసీహతుల్లో నడక గురించీ ఉంది, గొంతు తగ్గించడం గురించీ ఉంది. ఆ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో ఆ రోజు నాకూ కొత్తగా సమఝయింది.

వాడు ఏం అనలేదు. గేర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా మెల్లగా పోనిచ్చాడు.

చివరికి పెట్టించింది ఇది: రెండంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు, కంపెనీ కొలతల మఫ్లర్, కొత్త గ్యాస్కెట్. కన్వర్టర్, రెసొనేటర్ ముట్టుకోలేదు. హెడర్ మాట దుల్హాభాయ్ వచ్చాక చూద్దామన్నాం. మిగిలిన పైసలతో ముందు రెండు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. లీక్ పోయేసరికి బండి నిజంగానే హుషారైంది. మా వాడికి దిల్ పూర్తిగా నిండిందని చెప్పను, ఆ వీడియోలు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి జెద్దా నుంచి వీడియో కాల్ వచ్చింది. భాంజా ఇంజన్ స్టార్ట్ చేసి ఫోన్ పైపు దగ్గర పెట్టాడు. "ఏం వినొస్తలేదు బేటా" అన్నారు దుల్హాభాయ్. లోపలి నుంచి దాదీ, "అల్హమ్దులిల్లా" అన్నారు.

ఇక నా సంగతి. ఆ తర్వాత శబ్దం మీద రెండు వార్తలు రాశాను. రెండుసార్లూ మీటర్ పెట్టి కొలిచారా, ఎవరెవరివి కొలిచారు అని అడిగాను. ఒకసారి జవాబు వచ్చింది, ఒకసారి రాలేదు. రాలేదని కూడా రాశాను.