గోదారి పెరిగితే మా మిషను అటకెక్కుతుంది

ఖమ్మంలో బస్సెక్కితే నా కాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది. అందులో లైనింగ్ గుడ్డ, ఫాల్స్, హుక్కులు, దారం రీళ్లు. ఇదంతా భద్రాచలంలో అమ్మ నడిపే కుట్టు కొట్టుకు సరుకు. కొట్టంటే బోర్డున్న షాపు కాదులెండి, మా ఇంటి ముందుగది!

రంగు కోసం అమ్మ వాట్సాప్‌లో ఫొటో పంపితే నేను నమ్మను. ఫొటోలో కాఫీ రంగు, తీరా చూస్తే మెరూన్. అందుకే పోయినసారి వెళ్లినప్పుడే జాకెట్ ముక్కల అంచులు కొంచెం కత్తిరించి పర్సులో పెట్టుకొస్తా.

దారి దాదాపు 120 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు కొత్తగూడెంలో 'భద్రాచలం రోడ్' అన్న స్టేషను బోర్డు చూసి ఊరొచ్చేసిందనుకుంటారు. ఇంకా 40 కిలోమీటర్లుంది! పాల్వంచ దాటి, పెద్దమ్మ తల్లి గుడి దాటితే రోడ్డుకు రెండువైపులా అడవే. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు, ఆ తర్వాత తునికాకు.

ఈ అడవికీ మా మిషనుకూ లింకుంది. తునికాకు డబ్బులు చేతికొచ్చాక దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ అక్కలు జాకెట్ ముక్కలు తెస్తారు. ఎటపాక నుంచీ వస్తారు. పోలవరం కోసం 2014లో ఆ ఊళ్లను ఆంధ్రలో కలిపారు. మా టౌను దాటితే వేరే రాష్ట్రం. అయినా ఆది జాకెట్లు ఇప్పటికీ మా గూట్లోనే ఉన్నాయి.

ఇంట్లో అందరికీ పనే. కటింగ్, కుట్టు అమ్మవి. చెల్లి ఫాల్, పీకో. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని హుక్కులు. నాన్న ఆటో ఆపి వచ్చాక ఇస్త్రీ. బడులు తెరిచే ముందు మహిళా సంఘం ద్వారా యూనిఫాంలు కూడా వస్తాయి. 2024లో జతకు కూలి 50 రూపాయల నుంచి 75 చేశారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నిద్ర తక్కువ.

జులై వస్తే మాత్రం అందరి చూపూ గోదారి మీదే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మాది కరకట్ట దగ్గరి పల్లపు కాలనీ. మొదటి హెచ్చరికకే నాన్న మిషను తల విప్పి అటకెక్కిస్తాడు.

2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకొచ్చాయి. 1986లో వచ్చిన 75.6 తర్వాత అదే పెద్దది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మేం బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి పోవాలి. అమ్మ బీరువా ముట్టలేదు. కుట్టాల్సిన బట్టలన్నీ రెండు మూటలు కట్టింది.

"మన బట్టలో?" అన్నా.

"మనవి తడిస్తే ఆరేసుకుంటాం. వాళ్లవి తడిస్తే ఏం చెప్తామే?"

తిరిగొచ్చాక గదంతా బురద. స్టాండు తుప్పు పట్టింది. మూటల్లోవి భద్రం. కానీ గూట్లో మర్చిపోయిన ఒక ఎర్ర జాకెట్ రంగు దిగి పక్కదాని మీద పాకింది. అది చర్ల వైపు ఒకామెది. అమ్మ కొత్త గుడ్డ కొని, కూలి తీసుకోకుండా కుట్టిచ్చింది. ఆమె తర్వాత తన ఊరి నుంచి ముగ్గుర్ని తీసుకొచ్చింది.

"ఖమ్మం పోదాం, నీళ్ల భయం ఉండదు" అని నాన్న ఇప్పటికీ అంటాడు. నేనూ అన్నా. అమ్మ గూటివైపు చూపిస్తుంది. "వీళ్లంతా ఖమ్మం వస్తారా?" దానికి మా దగ్గర జవాబు లేదు.

సారపాక దాటి బస్సు వంతెనెక్కగానే ఫోన్ మోగుతుంది. ఎక్కడిదాకా వచ్చావని అడగదు అమ్మ.

"నీళ్లు ఎట్లున్నయే?"

కిటికీలోంచి చూస్తా. ఇసుక తిన్నెలు కనబడుతున్నాయి.

"తగ్గే ఉందమ్మా. మిషను దించొచ్చు."